వేలెడంత ప్లాట్‌ఫారం మీద వెలిగే బోర్డు: మోడల్ రైల్వేకి బుల్లి స్క్రీన్లు బిగించడం ఎలా

మా మేడ మీద గదిలో ఆరడుగుల ప్లైవుడ్ పలక మీద ఒక స్టేషన్ ఉంది. రెండు ప్లాట్‌ఫారాలు, ఒక ఫుట్ ఓవర్ బ్రిడ్జి, బయట ఇరానీ హోటల్, పక్కన మెడికల్ షాపు, దాని పైన కోచింగ్ సెంటర్. ఇది ఏ స్టేషన్ అని ఎవరైనా అడిగితే సికింద్రాబాద్, కాచిగూడ కలిపి కొట్టిన రకం అంటాను, పది ప్లాట్‌ఫారాల సికింద్రాబాద్‌ని ఆరడుగుల్లో కుదించడం నా వల్ల కాలేదు మరి. పసుపు పలక మీద నల్ల అక్షరాల పేరు బోర్డుని కాగితం మీద ప్రింట్ తీసి అతికిస్తే చక్కగా సరిపోయింది. కానీ ప్లాట్‌ఫారం కప్పు నుంచి వేలాడే రైలు నంబరు బోర్డు, ఏ బోగీ ఎక్కడ ఆగుతుందో చెప్పే బోర్డు, మెడికల్ షాపు ముందు తిరిగే పచ్చ ప్లస్ గుర్తు, ఇవి కాగితంతో చేస్తే కరెంటు పోయిన ఊరిలా ఉంటుంది.

అందుకే బుల్లి ఓఎల్ఈడీ స్క్రీన్లు, అంటే ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెరలు తెచ్చాను. మొదటిది వెలిగిన రోజు ఉత్సాహంలో అక్షరాలు ఎగిరేలా, మెరిసేలా, పక్కలకి దూకేలా పెట్టి నాన్నను పిలిచాను. ఆయన లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఒక నిమిషం చూసి, "ఏందిరా ఇది, బార్ ముందట లైట్ల లెక్క? మనిషి సదివే టైం ఇయ్యాలె గద బోర్డు" అన్నారు. ఆ మాట దగ్గర నుంచే నా పని దారిలో పడింది. బోర్డు కదలడం సులువు, ఎప్పుడు కదలకూడదో తెలియడమే కష్టం. కింద రాసినదంతా చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ముందు స్కేలు లెక్క, తర్వాతే కొనడం

చాలామంది ముందు స్క్రీన్ కొనేసి తర్వాత ఎక్కడ పెట్టాలా అని చూస్తారు. తిరగేసి చేయండి. నాది హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87. స్క్రీన్‌లో వెలిగే భాగాన్ని మిల్లీమీటర్లలో కొలిచి 87తో గుణిస్తే అసలు ప్రపంచంలో ఆ బోర్డు ఎంత ఉంటుందో తెలుస్తుంది. ఎన్ స్కేలు వాళ్లు 160తో, ఓఓ వాళ్లు 76తో గుణించండి.

ఎక్కువగా దొరికేది 0.96 అంగుళాల ఓఎల్ఈడీ, అడ్డంగా 128, నిలువుగా 64 చుక్కలు. వెలిగే భాగం సుమారు 21.7 మి.మీ. వెడల్పు, 10.9 మి.మీ. ఎత్తు. హెచ్‌ఓలో అది 1.9 మీటర్ల వెడల్పు, 95 సెంటీమీటర్ల ఎత్తున్న బోర్డు అవుతుంది. స్టేషన్ హాల్లో రైళ్ల పట్టికకి సరిపోతుంది కానీ ప్లాట్‌ఫారం మీద వేలాడదీస్తే తలుపంత కనిపిస్తుంది. దానికి 0.91 అంగుళాలది తీసుకోండి. అది 128 x 32 చుక్కలది, వెలిగే భాగం 22.4 x 5.6 మి.మీ. 87తో గుణిస్తే దాదాపు రెండు మీటర్లు, అర మీటరు. ప్లాట్‌ఫారం బోర్డుకి ఇంతకన్నా బాగా కుదిరేది నాకు దొరకలేదు. అదే స్క్రీన్ ఎన్ స్కేలులో మూడున్నర మీటర్లు దాటుతుంది, కాబట్టి ఎన్ స్కేలు వాళ్లకి అది వేలాడే బోర్డుగా పనికిరాదు, స్టేషన్ భవనం ముఖం మీద పెద్ద బోర్డుగా పనికొస్తుంది. ఇంకా చిన్నది కావాలంటే 0.42 అంగుళాలది ఉంది, 72 x 40 చుక్కలు, వెలిగే భాగం సుమారు 9 x 5 మి.మీ. దుకాణాల బోర్డులకి అది బంగారం.

ఒక సరదా లెక్క చెబుతాను. మన దుకాణాల ముందు ఎర్రగా పాకుతూ పోయే ఎల్ఈడీ బోర్డులు చూస్తాం కదా, వాటిని పి10 అంటారు, చుక్కకీ చుక్కకీ మధ్య దూరం 10 మి.మీ. కాబట్టి ఆ పేరు. 0.91 స్క్రీన్‌లో చుక్కల దూరం 0.175 మి.మీ., 87తో గుణిస్తే 15 మి.మీ. అంటే ఈ బుల్లి స్క్రీన్, స్కేలు ప్రకారం చూస్తే, వీధిలోని ఎర్ర బోర్డు కన్నా కొంచెం ముతక, అంతే. చుక్కలు కనిపిస్తున్నాయని బాధపడకండి, అసలు బోర్డుల్లో కూడా కనిపిస్తాయి. రంగులు కావాలంటే 0.96 అంగుళాల కలర్ టీఎఫ్‌టీ ఉంది, ఎస్‌టి7735 చిప్‌తో, 160 x 80 చుక్కలు. దాని చుక్కల దూరం హెచ్‌ఓలో దాదాపు 12 మి.మీ., అంటే పి10కి మరీ దగ్గర. కానీ టీఎఫ్‌టీకి వెనక నుంచి లైటు ఉంటుంది, నలుపు నల్లగా ఉండదు, గదిలో లైటు తీస్తే బోర్డు మొత్తం బూడిద రంగులో మెరుస్తుంది. రాత్రి దృశ్యం ఇష్టపడేవాళ్లు ఓఎల్ఈడీతోనే ఉండండి, దాంట్లో వెలగని చుక్క నిజంగానే ఆరిపోయి ఉంటుంది.

ఇంకో చిన్న హెచ్చరిక, కాలం గురించి. మీ లేఅవుట్‌లో ఆవిరి ఇంజన్లు తిరుగుతుంటే ఈ బోర్డులు వద్దు, సుద్దముక్కతో రాసిన నల్లబల్ల పెట్టండి. ఎల్ఈడీ బోర్డు పెట్టినా నంబరు చూసుకోండి. ఐదంకెల రైలు నంబర్లు వచ్చింది 2010 డిసెంబరులో. అంతకు ముందు సంవత్సరాల దృశ్యమైతే గోదావరి ఎక్స్‌ప్రెస్ 12728 కాదు, 2728. మా నాన్న లాంటి వాళ్లు ముందు చూసేది అదే.

కోఠి సామాను

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ సామానంటే కోఠి గుజరాతీ గల్లీయే. ఆదివారం కాకుండా మామూలు రోజు పొద్దున వెళ్లండి, మధ్యాహ్నం దాటాక నిలబడే చోటు కూడా ఉండదు. కావలసినవి: స్క్రీన్లు, తెరని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు ఒకటి (ఆర్డువినో నానో గానీ ఈఎస్‌పి32 గానీ), టంకం లేకుండా వైర్లు గుచ్చుకునే బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే రీడ్ స్విచ్‌లు రెండు మూడు, చిన్న అయస్కాంతాలు. సన్నటి రాగి తీగ మాత్రం మోటార్ వైండింగ్ షాపుల్లో అడగండి, 0.2 మి.మీ. ఎనామిల్ తీగ వంద గ్రాములు తెచ్చుకుంటే జీవితకాలం వస్తుంది.

స్క్రీన్ చేతిలోకి తీసుకున్నాక మూడు సంగతులు చూడండి. పిన్నుల వరస మొదటిది. కొన్నింటి మీద ముందు గ్రౌండ్, తర్వాత విసిసి (కరెంటు లోపలికి వచ్చే పిన్ను) ఉంటుంది, కొన్నింటి మీద ముందు విసిసి. చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. నేను ఒకేసారి నాలుగు కొని, అన్నీ ఒకటేలే అని, మొదటిది తీసి రెండోది అదే వైర్లకి గుచ్చాను. చిన్న వాసన వచ్చింది, అంతే, కథ ముగిసింది. తప్పు పూర్తిగా నాదే, రెండు సెకన్లు అచ్చు చదివుంటే సరిపోయేది.

రెండోది చిప్. 0.96, 0.91 సైజుల్లో సాధారణంగా ఎస్ఎస్‌డి1306 ఉంటుంది. 1.3 అంగుళాల వాటిలో మాత్రం ఎక్కువగా ఎస్‌హెచ్1106 ఉంటుంది. దాని మెమరీ 132 గళ్లది, తెర 128ది, అందువల్ల ఎస్ఎస్‌డి1306 అనుకుని నడిపితే బొమ్మ రెండు చుక్కలు పక్కకి జరిగి, అంచున చెత్త గీత కనిపిస్తుంది. స్క్రీన్ పాడైందని వెనక్కి ఇచ్చేయకండి, ప్రోగ్రాములో చిప్ పేరు మార్చితే చాలు.

మూడోది అడ్రస్, అంటే కంట్రోలర్ ఒక తెరని గుర్తుపట్టే నంబరు. 0.96 బోర్డుల వెనక 78 లేదా 7ఎ అని అచ్చు వేసి ఉంటుంది, చాలా ప్రోగ్రాముల్లో అదే పెడితే తెర వెలగదు. ఆ అచ్చు ఎనిమిది బిట్ల లెక్క, ఆర్డువినోకి మామూలుగా కావలసింది ఏడు బిట్లది, అంటే 78కి 3సి, 7ఎకి 3డి; కింద చెప్పే యు8జి2లో అడ్రస్ మార్చాల్సి వస్తే మాత్రం అచ్చులో ఉన్న అంకెనే ఇవ్వాలి. అన్నీ హెక్స్ అంకెలే. నాకు తెలిసి కొత్తవాళ్ల సగం రాత్రులు దీనికే పోతాయి.

నానోనా, ఈఎస్‌పి32నా అంటే, ఒకటి రెండు బోర్డులకి నానో చాలు. దానికి ఉన్నది 2 కేబీ ర్యామ్. 128 x 64 తెర ఒక్కదాని బొమ్మ పట్టడానికే 1 కేబీ పోతుంది, 0.91కి అందులో సగం. నాలుగైదు బోర్డులు, తెలుగు బొమ్మలు బోలెడు అనుకుంటే ఈఎస్‌పి32కి వెళ్లండి, వందల కేబీల ర్యామ్ ఉంటుంది, ఊపిరాడుతుంది. వైఫై మాత్రం ఆపేయండి, మనకి అవసరం లేదు, కరెంటు తింటుంది.

మొదటి వెలుగు, బల్ల మీదే

లేఅవుట్ దగ్గరికి వెళ్లకుండా ముందు బల్ల మీద పని చేయించండి. నాలుగే వైర్లు. కరెంటుకి విసిసి, గ్రౌండ్, సమాచారానికి ఎస్‌డిఎ, ఎస్‌సిఎల్. నానోలో ఎస్‌డిఎ ఎ4కి, ఎస్‌సిఎల్ ఎ5కి వెళతాయి. ఈఎస్‌పి32లో మామూలుగా 21, 22. ఆర్డువినో సాఫ్ట్‌వేర్‌లో యు8జి2 అనే లైబ్రరీ (తెర మీద గీసే పని ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట) వేసుకోండి, దాంతో వచ్చే ఉదాహరణల్లో హలో వరల్డ్ తెరిచి, పైన ఉండే పొడవాటి జాబితాలో మీ చిప్, మీ సైజు ఉన్న వరస ఒక్కటే బతికించి మిగతావి వదిలేయండి. తెర మీద అక్షరాలు వచ్చాయా, ఇక్కడిదాకా అందరూ చేరతారు.

ఎస్‌డిఎ, ఎస్‌సిఎల్ వైర్ల మీద జరిగే సంభాషణ పద్ధతిని ఐ2సి అంటారు; అక్షరాలు రాకపోతే ఐ2సి స్కానర్ అనే చిన్న ప్రోగ్రాము నడపండి. అది అడ్రస్ చెబితే వైర్లు బాగున్నట్టు, చెప్పకపోతే వైర్లలోనే తేడా. నూటికి తొంభైసార్లు ఎస్‌డిఎ, ఎస్‌సిఎల్ తారుమారై ఉంటాయి.

తెలుగు అక్షరాలు: ఇక్కడ ఆగి నిదానంగా చదవండి

మన స్టేషన్లలో బోర్డు తెలుగు, హిందీ, ఇంగ్లిష్ వంతులవారీగా చూపిస్తుంది. ఇంగ్లిష్ ఒక్కటే పెడితే అది ఏ దేశపు స్టేషనైనా కావచ్చు. కానీ ఈ చిన్న చిప్పులకి తెలుగు రాదు. ఫాంట్ లేక కాదు. తెలుగులో అక్షరాలు పక్కపక్కన పేర్చితే మాట కాదు, గుడి పైకి పోవాలి, వత్తు కిందికి దిగాలి, ఏది ఎక్కడ కూర్చోవాలో లెక్కగట్టే పని మన ఫోన్లో, కంప్యూటర్లో వేరే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. నానోలో ఆ పని చేసేవాళ్లు లేరు. అందువల్ల ఒక్కో అక్షరం వేసి తంటాలు పడకండి. మాట మొత్తాన్ని కంప్యూటర్‌లో బొమ్మగా చేసి, ఆ బొమ్మను తెర మీద పెట్టండి.

పద్ధతి ఇదీ. గింప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్ తెరిచి నల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో మాట రాయండి. ఎత్తు 32 చుక్కలు, వెడల్పు మాట పట్టినంత. అక్షరాల అంచులు మెత్తబరిచే యాంటీ ఏలియాసింగ్ టిక్ తీసేయండి, లేకపోతే బూడిద రంగు చుక్కలు వచ్చి, వాటిని నలుపు తెలుపుల్లోకి మార్చినప్పుడు అక్షరం పళ్లూడినట్టు అవుతుంది. ఫాంట్ విషయంలో నేను చాలా వేసి చూశాను. రామభద్ర లాంటి లావు ఫాంట్లు పోస్టర్‌కి బాగుంటాయి గానీ ఈ సైజులో కడుపులన్నీ పూడుకుపోయి దకీ డకీ తేడా తెలియదు. నోటో సాన్స్ తెలుగు, మండలి రెండూ ఫర్వాలేదు. ఏ ఫాంట్ అయినా చివర్లో చేత్తో నాలుగైదు చుక్కలు దిద్దాల్సిందే, అది తప్పించుకోలేరు.

పరీక్షకి ఒక మాట చెబుతాను, సికింద్రాబాద్. పైన గుడి ఉంది, పొల్లు ఉంది, కింద ర వత్తు ఉంది, మధ్యలో సున్నా ఉంది. ఈ మాట మీ ఫాంట్‌లో, మీ సైజులో చదవగలిగేలా వచ్చిందంటే మిగతా ఊర్లన్నీ వచ్చేస్తాయి. కాచిగూడ వత్తులు లేని మాట, చిన్న సైజులో కూడా హాయిగా కూర్చుంటుంది. హైదరాబాద్‌లో మొదటి అక్షరం ఐత్వం తోక కిందికి దిగుతుంది, విశాఖపట్నంలో న వత్తు. 16 చుక్కల ఎత్తులో వీటిని ఇరికించాలని చూశాను, కుదరలేదు. ఇంగ్లిష్ అక్షరాలకి 16 దర్జాగా సరిపోతుంది, తెలుగుకి కనీసం 22, 24 కావాలి. కాబట్టి 32 చుక్కల తెర మీద తెలుగు ఒక్క వరసే. నంబరూ పేరూ ఒకేసారి చూపించాలన్న ఆశ వదులుకోండి, నంబరు మూడు సెకన్లు, పేరు నాలుగు సెకన్లు, ఇలా మార్చండి.

బొమ్మ తయారయ్యాక ఇమేజ్2సిపిపి అనే ఉచిత వెబ్ పనిముట్టులో వేస్తే అది అంకెల పట్టికగా మార్చి ఇస్తుంది, దాన్ని ప్రోగ్రాములో అతికించడమే. యు8జి2 వాడేవాళ్లు అందులో ఒక్కో బైట్‌లో బిట్ల వరస తిరగేసే టిక్ పెట్టడం మరవకండి. మరిస్తే బొమ్మ ఎనిమిదేసి చుక్కల ముక్కలుగా తరిగి, ఒక్కో ముక్కను అద్దంలో చూపించినట్టు వస్తుంది. చూడగానే గుర్తుపడతారు, చదవగలిగినట్టే ఉంటుంది, చదవలేరు.

లెక్కకి, 128 x 32 బొమ్మ ఒక్కోటి 512 బైట్లు. నానోలో ఉన్న 32 కేబీలో ప్రోగ్రాము పోను ఇరవై పాతిక బొమ్మలు పడతాయి. మూడు భాషల్లో ఐదారు రైళ్లకి సరిపోతుంది. ఆ పట్టికల్ని ర్యామ్‌లోకి రానివ్వకుండా ప్రోగ్‌మెమ్ అని గుర్తు పెట్టండి, లేకపోతే నాలుగో బొమ్మకే నానో మొరాయిస్తుంది.

కదలిక ఎంత, ఎప్పుడు

అసలు బోర్డుని గమనించడానికి నేను సికింద్రాబాద్ ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద టీ కప్పుతో ముప్పావు గంట నిలబడ్డాను. నిజం చెప్పాలంటే బోర్డులు ఎక్కువ సేపు కదలవు. నంబరు, పేరు, టైము, మారడం, ఆగడం. పాకేది పొడుగు సందేశం ఒక్కటే.

మారడానికి ఏ హంగూ వద్దు. ఒక బొమ్మ తీసి ఇంకోటి పెట్టండి, అంతే. పాకించాలంటే పొడవాటి పట్టీ బొమ్మను ఒక్కో చుక్క ఎడమకి జరుపుతూ గీయాలి, పట్టీ చివర వచ్చేసరికి దాని వెనకే అదే పట్టీని మళ్లీ గీస్తే అతుకు కనిపించదు. సెకనుకి 35, 40 చుక్కలు నా కంటికి సరిగ్గా అనిపించింది, 128 చుక్కల తెరని ఒక అక్షరం దాటడానికి మూడున్నర సెకన్లు. దానికన్నా వేగమైతే నాన్న మాట గుర్తొస్తుంది. నానో వాడేవాళ్లు పట్టీని 240 చుక్కలు మించని ముక్కలుగా కోసుకోండి. యు8జి2 లైబ్రరీ చిన్న చిప్పుల మీద మామూలుగా 255 దాకే లెక్కపెడుతుంది, దాటితే బొమ్మ ఎక్కడో ప్రత్యక్షమవుతుంది.

పాకడం కుదుపులుగా ఉంటే తప్పు మీ ప్రోగ్రాముది కాకపోవచ్చు. ఐ2సి వేగం 100 కిలోహెర్ట్జ్ దగ్గరుంటే 128 x 64 తెర ఒకసారి నింపడానికే సుమారు పదో వంతు సెకను పడుతుంది. దాన్ని 400కి పెంచితే నాలుగో వంతుకి తగ్గుతుంది. 0.91 తెరకి అందులోనూ సగమే.

ఇంకో ముఖ్యమైన మాట. ప్రోగ్రాములో డిలే వాడకండి. ఒక బోర్డు మూడు సెకన్లు ఆగాలని డిలే పెడితే మిగతా బోర్డులూ, రైలు వచ్చిందా అని చూసే పనీ అన్నీ ఆగిపోతాయి. మిల్లిస్ అని గడియారం ఉంటుంది, ప్రతి బోర్డుకి చివరిసారి ఎప్పుడు మార్చాం అన్నది రాసుకుని, టైం అయిందా అని తిరుగుతూ చూసుకోవాలి. వంటింట్లో మూడు పొయ్యిల మీద మూడు గిన్నెలు పెట్టినప్పుడు ఒక్కదాని ముందే నిలబడం కదా.

రైలు వస్తే బోర్డుకి తెలియాలి

ఇది చేయకపోయినా బోర్డు బాగానే ఉంటుంది, చేస్తే మాత్రం చూసినవాళ్లు వదలరు. ప్లాట్‌ఫారానికి రెండు మూడడుగుల ముందు పట్టాల మధ్య ఒక రీడ్ స్విచ్, రైలు మొదటి బోగీ కింద చిన్న అయస్కాంతం. ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లూ వాడొచ్చు కానీ మా గదిలో సాయంత్రం పడమటి కిటికీ ఎండ పడగానే అవి లేని రైళ్లని చూడటం మొదలుపెట్టాయి, అందుకే నేను అయస్కాంతం వైపు వచ్చేశాను.

బోర్డుకి నాలుగు స్థితులు పెట్టుకున్నాను. ఖాళీ స్థితిలో టైము మాత్రమే. స్విచ్ తగలగానే రైలు నంబరు, పేరు మూడు భాషల్లో. కొన్ని సెకన్ల తర్వాత బోగీ బోర్డులు వెలిగి ఎస్4, బి1 అని చూపించడం. రైలు వెళ్లేటప్పుడు రెండో స్విచ్ తగలగానే అన్నీ ఆరి మళ్లీ టైము. ఇంతే. బోగీల వరస మాత్రం మీ రైలుతో సరిచూడండి, మీ బొమ్మ రైలుకి ఉన్నది నాలుగు బోగీలైతే బోర్డు ఎస్11 చూపించకూడదు.

బిగించడం

స్క్రీన్‌తో వచ్చే పిన్నుల పట్టీని సోల్డరింగ్ ఐరన్‌తో తీసేయండి, మందం సగం తగ్గుతుంది. అద్దం ఒక అంచున పలుచని గోధుమరంగు రిబ్బన్ వెనక్కి మడిచి ఉంటుంది, దాన్ని వేలితో నొక్కినా, డబ్బా అంచు ఒత్తినా చీలుతుంది, ఒకసారి చీలితే బాగుపడదు. డబ్బాలో ఆ వైపు ఒక మిల్లీమీటరు ఖాళీ వదలండి.

డబ్బాకి నేను 1 మి.మీ. స్టైరీన్ ప్లాస్టిక్ షీటు వాడాను, నల్ల చార్టు కాగితమైనా చాలు. వెలిగే భాగం బోర్డుకి సరిగ్గా మధ్యలో ఉండదు, కాబట్టి కిటికీ కోసేముందు తెరంతా తెల్లగా వెలిగించి, దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

వైర్లు దాచడానికి వేలాడే కడ్డీలే దారి. 2 మి.మీ. ఇత్తడి గొట్టాలు రెండు, ఒక్కో దాంట్లో రెండు ఎనామిల్ తీగలు. 0.2 మి.మీ. తీగ బయటికి కనిపించినా హెచ్‌ఓలో రెండు సెంటీమీటర్ల లోపు పైపులా ఉంటుంది, అది కూడా స్టేషన్‌కి నప్పేదే. తీగ చివర ఎనామిల్ బ్లేడుతో గీకి, టంకం అంటుతోందా లేదా చూసి, మల్టీమీటరుతో సరిచూశాకే గొట్టంలోకి దూర్చండి. దూర్చాక తెలిస్తే ఏడుపొస్తుంది. కంట్రోలర్‌ని ప్లైవుడ్ కింద, బోర్డుకి అరమీటరు లోపే పెట్టండి. ఐ2సి దూర ప్రయాణాలకి పుట్టలేదు. దూరం తప్పకపోతే వేగం 100కి దించండి.

ప్లాట్‌ఫారం బోర్డుకి రెండు ముఖాలుంటాయి కదా, రెండు 0.91 స్క్రీన్లని వీపు వీపు ఆనించి పెట్టండి, మొత్తం మందం ఆరు మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది, స్కేలులో అర మీటరు. రెండింటి అడ్రస్ ఒకటే అయినా గొడవ లేదు, నాలుగు వైర్లూ కలిపేస్తే రెండూ ఒకే మాట విని ఒకే బొమ్మ చూపిస్తాయి. వేరువేరు బొమ్మలు చూపించాలంటేనే టిసిఎ9548ఎ అనే చిన్న బోర్డు మధ్యలో పెట్టాలి, అది ఒక జత వైర్లని ఎనిమిది దారులు చేస్తుంది.

వెలుతురు తగ్గించండి, ఇంకా తగ్గించండి

కొత్త ఓఎల్ఈడీ పూర్తి వెలుగులో ఉంటే స్టేషన్ మొత్తంలో అదొక్కటే కనిపిస్తుంది, పక్కనున్న మనుషుల బొమ్మలు కూడా నీడలైపోతాయి. సెట్‌కాంట్రాస్ట్ అనే ఆదేశంతో 0 నుంచి 255 దాకా మార్చుకోవచ్చు. నేను 10, 20 మధ్య ఉంచుతాను. అప్పటికీ ఎక్కువే అనిపిస్తే కారు అద్దాలకి వేసే సన్ ఫిల్మ్ ముక్క ఒకటి తెర మీద పెట్టండి. ఆరిపోయినప్పుడు మెరిసే అద్దాన్నీ, చుట్టూ ఉన్న ఖాళీ అంచునీ కూడా అది దాచేస్తుంది, ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. వెలుగు తగ్గితే తెర ఆయుష్షు కూడా పెరుగుతుంది. ఓఎల్ఈడీలో ఒకే బొమ్మ నెలల తరబడి నిలబడితే ఆ చుక్కలు అరిగి మచ్చ పడుతుంది.

రంగుకి వచ్చేసరికి, తెల్ల ఓఎల్ఈడీ కొని దాని మీద నారింజ జిలాటిన్ కాగితం పెట్టండి. పెళ్లి పందిరి లైట్లకి చుట్టే కాగితమే. నీలం తెర మీద అదే కాగితం పెడితే దాదాపు చీకటే, ఎందుకంటే నీలంలో నారింజ లేదు. పసుపు నీలం కలిసినవి దొరుకుతాయి, పైన 16 వరసలు పసుపు, మిగతాది నీలం. స్టేషన్‌కి వద్దు, స్వీటు షాపు బోర్డుకి బాగుంటుంది.

బయటి వీధిలో ఇవన్నీ ఇంకా సరదా. మెడికల్ షాపుకి 0.42 తెర మీద పచ్చ జిలాటిన్, లోపల ప్లస్ గుర్తు గీతలుగా నిండి, ఒకసారి ఆరి, మళ్లీ నిండుతుంది, ఆరు బొమ్మలు చాలు. కోచింగ్ సెంటర్‌కి ఎర్ర కాగితం, "జావా, పైథాన్ కొత్త బ్యాచ్ సోమవారం నుంచి" అని పాకుతూ పోతుంది, అమీర్‌పేట చూసినవాళ్లెవరైనా నవ్వకుండా ఉండరు. ఇరానీ హోటల్‌కి మాత్రం స్క్రీన్ పెట్టలేదు. దానికి చేత్తో రాసిన పాత బోర్డే అందం.

కరెంటు

పట్టాల నుంచి తీసుకోకండి. మామూలు డీసీ కంట్రోలర్ అయితే రైలు వేగంతో పాటు వోల్టేజీ మారుతుంది, రైలు ఆగితే బోర్డు ఆరుతుంది, ప్రపంచంలో ఏ స్టేషన్లోనూ అలా జరగదు. డీసీసీ (పట్టాల మీదుగానే ఇంజన్లకి ఆదేశాలు పంపే డిజిటల్ పద్ధతి) అయితే పట్టాల మీద ఉండేది అటూ ఇటూ తిరిగే సిగ్నల్. పాత మొబైల్ ఛార్జర్ ఒకటి, 5 వోల్టులు 2 ఆంప్స్‌ది, బోర్డులన్నిటికీ విడిగా పెట్టండి. ఒక్కో తెర ఇరవై ముప్పై మిల్లీఆంప్స్ మించి తాగదు. నానో మీదున్న 3.3 వోల్టుల పిన్నుకి అన్నీ తగిలించకండి, దాని శక్తి 50 మిల్లీఆంప్స్ దాకే.

వీడియో తీసి పంపాలనుకుంటే ఫోన్‌లో తెర మీద అడ్డగీతలు పాకుతాయి, కంటికి కనిపించనివి. ప్రో మోడ్‌లో షట్టర్ 1/50కి దించితే చాలావరకు పోతాయి.

ఇవన్నీ అయ్యాక నాన్నను మళ్లీ పిలిచాను. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గోదావరి వచ్చింది, మూడు భాషలూ తిరిగాయి, బోగీ బోర్డులు వెలిగాయి. ఆయన లేచి అటు వైపు వెళ్లి రెండో ముఖం చూసి, "ఇంజన్ గిటు దిక్కుంటే బాణం గటు సూపిస్తాంది" అన్నారు. వీపు వీపు పెట్టిన తెరలు రెండూ ఒకే బొమ్మ చూపిస్తాయి కాబట్టి, ఇటు నుంచి ఎడమకి ఉన్న బాణం అటు నుంచి కూడా ఎడమకే ఉంటుంది, అంటే రైలుకి వ్యతిరేక దిశ. మీ బోర్డులో బాణం ఉంటే, బిగించకముందే పైన చెప్పిన టిసిఎ9548ఎ మధ్యలో పెట్టి, రెండో తెరకి తిరగేసిన బాణం విడిగా పంపండి. నేను ఇత్తడి గొట్టాలు మళ్లీ విప్పుతున్నాను.